చమురు పాఠం, రెండు డిపార్ట్‌మెంట్లు, ఒక రైస్ మిల్లు

డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పడానికి కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఈమధ్య ఫోన్ చేసింది. నా దగ్గర చదువుకున్న పిల్లే.

"మేడం, నాకు అంతర్జాతీయ సంబంధాల పేపర్ ఇచ్చిండ్రు. అండ్ల చమురు రాజకీయాలని ఒక చాప్టర్ ఉంది. ఎట్ల చెప్పాలె మేడం? పిల్లలు నిద్రపోతరేమోనని భయమైతుంది" అంది.

ఆ పాఠం చెబితే పిల్లలు నిద్రపోవడం కాదు, చెప్పేవాళ్లకు నిద్ర పట్టదని చెప్పాను. నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. ఫోన్లో తెమిలే ముచ్చట కాదు గనుక ఇలా రాస్తున్నాను. కొత్తగా చేరేవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లూ చదువుకోవచ్చు. నా ప్రమోషన్ల గురించి, సర్వీసు రిజిస్టరు గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి చదివితే నిజంగానే నిద్ర వస్తుంది.

పాఠం ఎవరిది

నేను 2001లో సూర్యాపేట కాలేజీకి వచ్చాను. 2014 చివర్లో అక్కడే రిటైరయ్యాను. నేను చేరేసరికే ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లో కోటేశ్వరరావు గారు ఉన్నారు. కోదాడ అవతల ఒక ఊరాయన. మాటకు ముందొక "అండీ", వెనకొక "అండీ" ఉండేవి. ఎండాకాలమైనా వానాకాలమైనా చేతిలో గొడుగు. మనిషి చాలా మంచివాడు. చమురు మాట వచ్చినప్పుడు మాత్రం కాదు.

చిక్కెక్కడంటే, ఆ చాప్టర్ రెండు సబ్జెక్టుల్లోనూ ఉంది. మా సిలబస్‌లో "చమురు, అగ్రరాజ్యాల పోటీ". వాళ్ల సిలబస్‌లో "ముడిచమురు మార్కెట్లు". వినే పిల్లలు మాత్రం వాళ్లే. పొద్దున నేను క్లాసుకు వెళ్లి, పెద్ద దేశాలన్నీ చమురు కుళాయి మీద చేయి వేసి కూర్చోవాలని చూస్తాయి, యుద్ధనౌకలు ముందు పోతాయి, ధరలు వాటి వెనక పోతాయి అని చెప్పేదాన్ని. మధ్యాహ్నం ఆయన వెళ్లి, ధర ముందు పోతుందండీ, ప్రభుత్వాలు దాని వెనక ఆయాసపడుతూ పరిగెడతాయండీ అని చెప్పేవారు. పొద్దున నేను బోర్డు మీద గల్ఫ్ మ్యాప్ వేసి వస్తే, మధ్యాహ్నానికి దాని మీద డిమాండు, సప్లై గీతలు పడి ఉండేవి.

పిల్లలు తెలివైనవాళ్లు. ఆ చాప్టర్ పరీక్ష కాలేజీలో ఉమ్మడిగా పెట్టేవాళ్లం. పేపరు మా ఇద్దరిలో ఎవరు దిద్దుతారో కనుక్కుని దానికి తగ్గట్టు రాసేవాళ్లు. ఒకసారి కనుక్కోవడం కుదరని కుర్రాడొకడు ఇలా రాశాడు: "అమెరికా గల్ఫ్‌కు చమురు కోసం పోయింది (పొలిటికల్ సైన్స్ ప్రకారం). చమురు కోసం పోలేదు (ఎకనామిక్స్ ప్రకారం)." నేను సగం మార్కులు వేశాను. ఆ పేపరు ఆయన చేతిలో పడి ఉన్నా సగమే వేసేవారు. ఏ సగమన్నదే తేడా.

తగువు ప్రిన్సిపాల్ గారి గదికి చేరింది. ఆయన జువాలజీ మనిషి. మా ఇద్దరి మాటా కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత కళ్లు తెరిచి తీర్పు చెప్పారు.

"గింతదానికి లొల్లి ఎందుకు? మేడం, మీరు పెట్రోలు చెప్పుండ్రి. సారు డీజిల్ చెప్తడు. ఖతం."

ఆయన చాలా గంభీరంగా అన్నారు. ఇద్దరం సరేనని తలూపి బయటికొచ్చాం. వరండాలో కోటేశ్వరరావు గారు, "మరి కిరోసినెవరు చెబుతారండీ?" అన్నారు. ఆయన్ను నేను మొదటిసారి ఇష్టపడింది ఆ క్షణంలోనే.

మీకు ఇలాంటి బాసులు చాలామంది తగులుతారు. తగువేమిటో తెలియకుండానే దాన్ని సమంగా కోసి చెరో ముక్కా ఇస్తారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. వాళ్ల వల్ల ప్రమాదం తక్కువ. తగువేమిటో సగం తెలిసిన బాసే ప్రమాదం.

కోదాడలో ఉపన్యాసం

2003లో ఇరాక్ మీద అమెరికా యుద్ధానికి దిగబోతోందని రోజూ టీవీల్లో అదే ముచ్చట. కోదాడలో వ్యాపారస్తుల సంఘంవాళ్లు ఒక సభ పెట్టి, యుద్ధం వస్తే మనకేమవుతుందో చెప్పమని మా ఇద్దరినీ పిలిచారు. ముందు నేను మాట్లాడాను. బావులు తగలబడితే, నౌకలు ఆగిపోతే, చమురు దొరకదు, ధర ఎక్కడిదాకా పోతుందో ఎవరూ చెప్పలేరు అన్నాను. బాగా మాట్లాడానని ఇప్పటికీ అనుకుంటాను. ఎంత బాగా అంటే, మూడో వరుసలో కూర్చున్న తెల్లబట్టలాయన ఒకరు సగంలోనే లేచి బయటికి దాదాపు ఉరికాడు.

నా తర్వాత కోటేశ్వరరావు గారు లేచి, "భయం ఇప్పటికే ధరలో కలిసిపోయిందండీ. యుద్ధం మొదలైన రోజున భయం తీరి ధర దిగుతుంది, చూస్తూ ఉండండి" అన్నారు. అప్పటికి ఆ తెల్లబట్టలాయన కుర్చీ ఖాళీ.

ఆయన పేరు సత్తిరెడ్డి. గరిడేపల్లి దగ్గర పొలాలు, మిర్యాలగూడలో రైస్ మిల్లు. ట్రాక్టరు సామాను కోసం కోదాడ వచ్చి, కుర్చీలు కనబడితే కూర్చున్నాడట. సభలోంచి తిన్నగా పెట్రోల్ బంకుకు పోయాడు. డ్రమ్ములన్నీ డీజిల్‌తో నింపాడు. డ్రమ్ములు అయిపోయాక బిందెలు నింపాడు. అవీ అయిపోయాక, పెళ్లిళ్లకు వంటపాత్రలు కిరాయికిచ్చే దుకాణంలో గుండిగలు తెచ్చి నింపాడు.

యుద్ధం మొదలైంది. కోటేశ్వరరావు గారు చెప్పినట్టే ధర దిగింది. సత్తిరెడ్డి గుండిగలు ఖాళీ చేయించి, తోమించి, దుకాణానికి పంపేశాడు. అవే గుండిగలు గరిడేపల్లిలో ఒక పెళ్లికి పోయాయి.

ఆ పెళ్లిలో మొదటి బంతి లేవకముందే పెళ్లికొడుకు మేనమామ విస్తరి ముందు నుంచి లేచి నిలబడి, "గిదేం పప్పుర బై, బస్టాండు వాసనొస్తుంది!" అన్నాడట. పప్పు పారబోశారు, చారు పారబోశారు. ఊళ్లో ఉన్న పెరుగంతా పోగుచేసి, పెరుగన్నంతో, అరటిపండ్లతో పెళ్లి గట్టెక్కించారు.

తర్వాత సత్తిరెడ్డి మా కాలేజీ వెతుక్కుంటూ వచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకుని నేను లేచి నిలబడ్డాను.

"మేడం, మీరు చెప్పినట్టే చేసిన. పెళ్లోళ్లు నా మీద పంచాయితీ పెట్టిండ్రు" అన్నాడు.

పక్క కుర్చీలో కోటేశ్వరరావు గారి ముఖం వెలిగిపోయింది. "నా మాట కూడా విని ఉంటే ఈ గొడవ ఉండేది కాదు కదండీ!"

"మీరు నోరు తెరిసేటాళ్లకు నేను బంకు కాడ లైన్ల నిలబడ్డ సారూ. ఇగ నుంచి ఏ పని జేసినా ఇద్దరినీ అడిగి జేస్త."

అన్నంత పనీ చేశాడు. ఆ తర్వాత సూర్యాపేట వస్తే మా స్టాఫ్ రూములో టీ తాగకుండా పోలేదు. అప్పుడప్పుడు మిల్లు నుంచి నూకలు తెచ్చి స్టాఫ్ రూం కిటికీలో పిచ్చుకలకు వేసి పోయేవాడు. ఇద్దరి మాటా చివరిదాకా వినేవాడు. విని, మూడో పని ఏదో చేసేవాడు.

నేను నేర్చుకున్నది ఒకటే. జనాన్ని భయపెట్టే మాట చెప్పేటప్పుడు "ఇది ఇలాగే జరగకపోవచ్చు" అన్నది ముందు చెప్పండి. ఎక్కువ భయపడేవాళ్లు చివరిదాకా కూర్చోరు.

ఇద్దరం ఒక్కమాట అన్న ఏడాది

2008లో చమురు ధర ఆకాశానికి ఎగబాకింది. ప్రిన్సిపాల్ గారికి ఉత్సాహం వచ్చి సెమినార్ పెట్టమన్నారు. పోస్టరు మీద "ఆయిల్ మార్కెట్లు, అగ్రరాజ్యాల పోటీ" అని వేయించి, బజారంతా అంటించమని పంపారు. సెమినార్ రోజు హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో ఉన్నవాళ్లెవరో మాకు అంతు పట్టలేదు. నేను రష్యా గురించి చెప్పాను. చమురు డబ్బుతో ఆ దేశం గొంతు ఎలా పెరిగిందో, ధర పడిన రోజుల్లో ఎలా తగ్గిందో చెప్పాను. ముందు వరుసలు కదలకుండా విన్నాయి. ప్రశ్నలు అడగమనగానే ఒక పెద్దమనిషి లేచాడు.

"అంతా మంచిగనే చెప్పిండ్రు మేడం. గని పామాయిల్ సంగతేంది? పల్లినూనె ఇప్పుడు కొనాల్నా, ఆగాల్నా?"

వచ్చినవాళ్లంతా వంటనూనె వ్యాపారులు!

నేను నా రష్యా కాగితాల్లో పల్లీ కోసం వెతికాను. కోటేశ్వరరావు గారు మాత్రం అదే ప్రశ్న కోసం పుట్టినట్టు లేచారు. ముడిచమురు ప్రియమైతే కొన్ని దేశాలు పామాయిల్‌ను బండ్లలో పోసే ఇంధనంగా మారుస్తాయని, అందుకే చమురు ధరతో పాటు బాణలిలో నూనె ధరా ఎక్కుతుందని చెప్పారు.

పెద్దమనిషి మళ్లీ లేచాడు. "అంటే దొరల బండ్లు మన బజ్జీల నూనె తాగుతున్నయా సారూ?"

"సరిగ్గా చెప్పారండీ!"

హాలంతా చప్పట్లు. నా రష్యాకు చప్పట్లే లేవు. ఇప్పటికీ ఆ పాఠం చెప్పాలంటే నేను బజ్జీలతోనే మొదలుపెడతాను. మీరూ అలాగే చేయండి.

ఆ సెమినార్ చివర, జీవితంలో మొదటిసారి మేమిద్దరం ఒక్క మాట అన్నాం. చైనా కొంటోంది, మనం కొంటున్నాం, ఇక చమురు ధర దిగదు అని. ఆ చలికాలానికే ధర కుప్పకూలింది. సత్తిరెడ్డి టీ తాగుతూ, "మీరు కొట్లాడుకున్నప్పుడే నయముంటది. ఇద్దరూ ఒక్కటంటే దానికి ఉల్టా జెయ్యాలె" అని తేల్చాడు.

మేం నవ్వేశాం. ఆయన సరదాకు అనలేదు.

బియ్యమిచ్చి చమురు తెచ్చుకోవడం

2012లో వచ్చిన చిక్కు ఇది. ఇరాన్ అణు కార్యక్రమం ఆపాలని అమెరికా, యూరప్ దేశాలు దాని చమురు అమ్మకాల గొంతు పట్టుకున్నాయి. ఇరాన్‌కు డాలర్లు పంపే బ్యాంకులకు దారులు మూసేశాయి. మనకేమో ఇరాన్ చమురు కావాలి, అమెరికా స్నేహమూ కావాలి. అందుకని కొంత చమురుకు రూపాయల్లో చెల్లించి, ఆ రూపాయలను మన దేశపు బ్యాంకులోనే ఉంచారు. ఇరాన్ ఆ రూపాయలతో మన దగ్గర బియ్యం, తేయాకు లాంటివి కొనుక్కోవచ్చు.

ఆ వార్త వచ్చిన మర్నాడే సత్తిరెడ్డి మా స్టాఫ్ రూములో ప్రత్యక్షమయ్యాడు. చేతిలో పేపరు.

"మేడం! బియ్యమిస్తే నూనె వస్తదట గద! మిర్యాలగూడల బియ్యానికి తక్కువనా?"

"సత్తిరెడ్డి గారూ, వాళ్లు కొనేది బాస్మతి. పొడుగు గింజ. మన సన్నబియ్యం వాళ్లు తినరు" అన్నాను.

"మేడం గారు చెప్పింది నిజమండీ. వాళ్ల అలవాటు వేరు. మీరు దీని జోలికి పోకండి" అన్నారు కోటేశ్వరరావు గారు.

సత్తిరెడ్డి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముఖం నిండా సంతోషం.

"ఇద్దరూ ఒక్కటే అంటున్నరు?"

"అవును."

"ఇంకేంది! తప్పకుండ అయితది!" అని లేచి వెళ్లిపోయాడు.

అప్పటికి మాకు తప్పు అర్థమైంది. ఇద్దరిలో ఒకరైనా తగవులాడి ఉండాల్సింది. ఆయన వెనకాల వరండాలోకి పరిగెత్తి కోటేశ్వరరావు గారు, "అండీ! నేను మనసు మార్చుకున్నానండీ! వాళ్లు తింటారండీ!" అని అరిచారు. కారు అప్పటికే గేటు దాటింది.

ఆ ఏడు మిల్లులో ఆడిన మేలు రకం బియ్యమంతా సత్తిరెడ్డి గోదాములో పక్కన పెట్టించాడు. ఏటా కొనే షావుకారి లారీలు వస్తే ఖాళీగా తిప్పి పంపాడు. "ఈసారి సరుకు ఇరాన్‌కు పోతుంది" అని మిర్యాలగూడ మిల్లర్లందరికీ చెప్పాడు. వాళ్లు కొందరు నవ్వారు. నవ్వనివాళ్లు తమకూ ఒక మాట చెప్పమని వెంటపడ్డారు. గోదాములో పురుగు పట్టకముందే కొనేవాడు దొరకాలి. లేకపోతే ఆ ఊళ్లో తలెత్తుకుని తిరగలేడు.

ప్రతినిధి బృందం

కొనేవాణ్ణి వెతకడానికి సత్తిరెడ్డి హైదరాబాద్ పోయాడు. ఎలా వెతికాడో ఆయనే తర్వాత చెప్పాడు. నేరుగా ఒక ఇరానీ హోటల్‌కు పోయి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆయన్ను, "మీరు ఇరానోళ్లేనా?" అని అడిగాడు. ఆయన, "మా తాత ఇరాన్ నుంచి వచ్చాడు. నాకు తెలిసింది హైదరాబాదే. అదిగో, ఆ మూల కూర్చున్నాడు చూడండి, అసలు ఇరానోడు" అని ఒక యువకుణ్ణి చూపించాడు. గడ్డం, కళ్లద్దాలు, ముందు ఒక టీ, ఒక బిస్కెట్. సత్తిరెడ్డి తనకొచ్చిన ఉర్దూలో, "మిర్యాలగూడ ఆవ్, చావల్ ఖావ్" అన్నాడు. ఆ యువకుడు చేయి గుండెల మీద పెట్టుకుని తలవంచాడు. సత్తిరెడ్డి దృష్టిలో ఒప్పందం కుదిరిపోయింది.

ఆ ఆదివారం మమ్మల్నిద్దరినీ దుబాసీలుగా రమ్మన్నాడు. మేం మిర్యాలగూడలో బస్సు దిగి మిల్లుకు వెళ్లేసరికి గేటు మీద పెద్ద ఫ్లెక్సీ: "ఇరాన్ ప్రతినిధి బృందానికి హృదయపూర్వక స్వాగతం". ఒక పక్క సత్తిరెడ్డి ఫొటో, ఇంకో పక్క చమురు బావి. బావి కంటే సత్తిరెడ్డే పెద్దగా ఉన్నాడు. డప్పులు, దండలు, చుట్టుపక్కల మిల్లర్లు.

కారులోంచి కళ్లద్దాల యువకుడు ఒక్కడే దిగాడు. డప్పులు మోగగానే ఉలిక్కిపడ్డాడు. మెడలో దండ పడుతుంటే, తన వెనక ఎవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మళ్లీ ముందుకు తిరిగి, చేయి గుండెల మీద పెట్టుకుని, తల వంచాడు.

వరండాలో కూర్చోబెట్టాక నేను మెల్లగా ఇంగ్లీషులో అడిగాను. "మీరు ఏ కంపెనీ తరఫున వచ్చారు?"

"కంపెనీ కాదు మేడం. నా పేరు రెజా. బి.ఫార్మసీ మూడో ఏడు."

కోటేశ్వరరావు గారి చేతిలో గొడుగు కింద పడింది.

"మరి ఇక్కడికి ఎందుకు వచ్చారు?"

"అంకుల్ భోజనానికి పిలిచారు." మెడలో దండ సర్దుకుని, "ఈ ఊళ్లో భోజనానికి వచ్చినవాళ్లందరికీ డప్పులు కొడతారా?" అని అడిగాడు.

మేమిద్దరం కొట్టం వెనక్కు పోయి గుసగుసలాడాం. సత్తిరెడ్డికి చెప్పాలి. ఎవరు చెప్పాలి? "ఇది దౌత్యం, మీ సబ్జెక్టండీ" అన్నారాయన. "ఇది వ్యాపారం, మీదే" అన్నాను నేను. పాఠం నాదంటే నాదని అన్నేళ్లు కొట్టుకున్నవాళ్లం, ఆ మధ్యాహ్నం నీదంటే నీదని కొట్టుకున్నాం. ఇంతలో విస్తళ్లు వేశారని కేకేశారు.

సత్తిరెడ్డి భార్య అండాలమ్మ తెల్లవారకముందు నుంచీ వండుతోంది. నాటుకోడి కూర, గోంగూర, పప్పు, మధ్యలో మల్లెపువ్వులాంటి సన్నబియ్యం అన్నం. మిల్లర్లంతా గోడ పొడవునా నిలబడి చూస్తున్నారు. రెజా మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మిల్లర్లు మెడలు చాచారు.

"అచ్ఛా హై?" అన్నాడు సత్తిరెడ్డి.

"బహుత్ అచ్ఛా హై, అంకుల్."

గోడ పొడవునా నిట్టూర్పులు. రెజా మళ్లీ పెట్టించుకున్నాడు. మళ్లీ పెట్టించుకున్నాడు. ఒక యువకుడు అంత అన్నం తినడం నేనెప్పుడూ చూడలేదు. చివరికి చేయి ఆపి, నా వైపు వంగి మొహమాటంగా ఏదో అడిగాడు. నేను అండాలమ్మతో చెప్పడానికి జంకాను.

"ఏమంటుండు మేడం?" అంది ఆమె.

"గిన్నె అడుగున మాడు ఉంటదా అని అడుగుతుండు."

అండాలమ్మ చెంపలేసుకుంది. "అయ్యో! ఇంటికొచ్చిన సుట్టానికి మాడు పెడతరా? పొద్దుగాల మంట జర ఎక్కువైతే అడుగంటింది. ఈ పిలగానికి వాసనొచ్చిందా ఏంది? ఇజ్జత్ పాయె!"

వాళ్ల ఇంట్లో అడుగంటిన అన్నం కోసమే పిల్లలు కొట్లాడుకుంటారని, దాన్ని ముందు అతిథికే పెడతారని రెజా చెబితే నేను తెలుగులో చెప్పాను. ఆమె నమ్మలేదు. గిన్నె దాచేసింది. సత్తిరెడ్డి కళ్లెర్ర చేస్తే చివరికి తెచ్చి, ముఖం పక్కకు తిప్పుకుని మాడు చెక్కలు పెట్టింది. రెజా ఒక చెక్క కరకరలాడించి కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి.

"కారమైందా బిడ్డా?" అంది అండాలమ్మ.

కారం కాదు. రెజా చెప్పడం మొదలుపెట్టాడు. నేను తెలుగులో చెబుతూ పోయాను. వాళ్ల నాన్నది షిరాజ్‌లో చిన్న దుకాణం. ఆంక్షల వల్ల అక్కడి డబ్బు విలువ పడిపోయింది. ఇంట్లోవాళ్లు ఎలాగో కూడబెట్టి పంపుదామన్నా, ఇక్కడికి పంపే బ్యాంకు లేదు. హాస్టల్ మెస్ మానేశాడు. టీ, బిస్కెట్లతో నెట్టుకొస్తున్నాడు. ఆ రోజు ముక్కూమొహం తెలియని ఒక పెద్దాయన టేబుల్ దగ్గరికి వచ్చి, మా ఊరు వచ్చి అన్నం తిను అన్నాడు. ఇండియాలో ఇలాంటి మనుషులు ఉంటారని అమ్మ చెబితే విన్నాడట.

చెప్పడం అయిపోయింది. కోటేశ్వరరావు గారు ధర గురించి ఏమీ అనలేదు. నేనూ అగ్రరాజ్యాల గురించి ఏమీ అనలేదు.

గోడ దగ్గర ఒక మిల్లరు కిసుక్కుమని నవ్వాడు. "ఏం సత్తిరెడ్డీ, గిదేనా నీ బృందం? పోరడు సదువుకునేటోడట! ఎన్ని లారీలు కొంటడు?"

సత్తిరెడ్డి ముఖం కందిపోయింది. డప్పులవాళ్ల వైపు, ఫ్లెక్సీ వైపు చూశాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. అండాలమ్మ ఆయన కంటే ముందే మాట అందుకుంది.

"లారీ ఎందుకు? నెలకో బస్తా. హైదరాబాద్ పోయే మన లారీ మీదనే ఏసి పంపుత. పిలగాని సదువు అయ్యేదాంక."

సత్తిరెడ్డి భార్యను చూశాడు. రెజాను చూశాడు. తర్వాత ఆ మిల్లరు వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నవు గద. ఆర్డరొచ్చింది."

కొన్ని మాటలు

గోదాములో బియ్యం ఏమైందని మీరడుగుతారు. ఏటా కొనే షావుకారినే బతిమాలి పిలిచి, ఆయన అడిగిన ధరకే ఇచ్చాడు. నష్టం వచ్చింది, మిల్లు మునిగిపోలేదు. మిల్లర్లు చాలాకాలం ఆయన్ను "ఇరాన్ షేఠ్" అన్నారు. ఆయన పలికేవాడు కూడా.

చమురు పాఠంలో మ్యాపులు చెప్పండి, ధరల గీతలు చెప్పండి. పెద్ద దేశాలు ఒకదాని గొంతు ఒకటి పట్టుకున్నప్పుడు ఆ పట్టు చివరికి ఎవరి మెడ మీద పడుతుందో కూడా చెప్పండి. పిల్లలు అప్పుడు నిద్రపోరు. ఇంకొకటి, పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లతో తగవు పెట్టుకోండి. మంచి తగవు మనిషిని బద్ధకించనివ్వదు. తెలంగాణ వచ్చిన ఏడే నేను రిటైరైతే, వీడ్కోలు సభలో కోటేశ్వరరావు గారు నా గురించి మాట్లాడటానికి లేచి, సౌదీ అరేబియా చమురు ఉత్పత్తి ఎందుకు తగ్గించడం లేదో చెప్పి కూర్చున్నారు. అంతకు మించిన మర్యాద నాకెవరూ చేయలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఇద్దరం సత్తిరెడ్డి మిల్లు ఆఫీసులో కూర్చున్నాం. చమురు ధర మళ్లీ జారిపోతోంది. సౌదీ దాన్ని జారనిస్తున్నది అమెరికాలో రాతిపొరల నుంచి కొత్తగా తీస్తున్న చమురును దెబ్బ కొట్టడానికని కోటేశ్వరరావు గారు, ఇరాన్‌ను, రష్యాను కుంగదీయడానికని నేను. గొంతులు పెరిగాయి. ఇంతలో సత్తిరెడ్డి ఫోన్ మోగింది. షిరాజ్ నుంచి రెజా. చదువు పూర్తయి ఆ ఎండాకాలమే ఇంటికి పోయాడు. పోతూ పోతూ అండాలమ్మ ఇచ్చిన చిన్న బియ్యపు సంచిని బట్టల పెట్టెలో పెట్టుకుపోయాడు.

సత్తిరెడ్డి స్పీకర్ పెట్టాడు. రెజాకు ఇప్పుడు తెలుగు వచ్చు. సెలవులకు మిర్యాలగూడ వచ్చినప్పుడల్లా అండాలమ్మ దగ్గర నేర్చుకున్నాడు.

"మామా, మీ బియ్యం అమ్మ వండింది."

"ఎట్ల కుదిరింది? నచ్చిందా?" సత్తిరెడ్డి కుర్చీ అంచుకు వచ్చాడు.

"మెత్తగ అయింది మామా. మా దగ్గర గట్ల మెత్తటి అన్నం మామూలుగ తినరు. కడుపు మంచిగ లేనోళ్లకు పెడతరు."

నేను సత్తిరెడ్డి ముఖం చూడలేకపోయాను.

"గని నాయినకు కడుపు ఖరాబైంది మామా. అమ్మ మీ అన్నమే పెట్టింది. దవాఖానకు పోకుంటనే తగ్గిపోయింది. ఇంక జర ఉంటే పంపమంటుండు."

సత్తిరెడ్డి ఫోన్ మీద అరచేయి అడ్డం పెట్టి, మా ఇద్దరి వైపు వంగాడు.

"మేడం, సారూ, ఒక్కమాట చెప్పుండ్రి. గా ఆంక్షలు మందుల మీద ఉన్నయా?"

"లేవు" అన్నాను నేను.

"లేవండీ" అన్నారు కోటేశ్వరరావు గారు.

ఇద్దరం ఒక్కమాట అన్నందుకు ఆయన ఒక్క క్షణం అనుమానంగా చూశాడు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, మిల్లంతా వినబడేలా కేకేశాడు.

"ఎవర్రా ఆడ? బోర్డు రాసేటాయన్ను పిలువుండ్రి! రైస్ మిల్లు కింద 'మందుల ఎగుమతి' అని రాపియ్యాలె!"